టార్చి వెలుగులో కలివికోడి

1986 జనవరి. కడప జిల్లా, లంకమల కొండల అంచున రెడ్డిపల్లె. పొలాలు అయిపోయి కంపచెట్లు మొదలయ్యే చోట ఐతన్న చీకట్లో నడుస్తున్నాడు. చేతిలో టార్చిలైటు. పిట్టలు పట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఏ పిట్ట ఏ పొద కింద పడుకుంటుందో, ఏది ఏ వేళకు మేతకు దిగుతుందో అతనికి ఎవరూ పుస్తకం తెరిచి చెప్పలేదు.

వెలుగు ఒకచోట ఆగింది. పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల మీద ఒక పిట్ట. కౌజు కంటే పెద్దది, కోడిపెట్ట కంటే బాగా చిన్నది. పొడుగాటి కాళ్ళు. రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు, వాటి మధ్య తెల్లటి గీత. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. కంటి పైన కొట్టొచ్చినట్టు కనబడే తెల్ల కనుబొమ్మ. మొహానికి మించిన కళ్ళు. ఆ కళ్ళలో వెలుతురు పడేసరికి పిట్టకు ఎటు పోవాలో తోచలేదు. ఎగరలేదు, పరుగెత్తలేదు. ఐతన్న వంగి పట్టుకున్నాడు.

కూరకు పనికొచ్చే పిట్టే. అయినా అతను దాన్ని కోయలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే యువ శాస్త్రవేత్త అంతకు ముందే ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగాడు. బొమ్మ పట్టుకుని పశువుల కాపరుల్నీ, కట్టెలు కొట్టేవాళ్ళనీ, పిట్టలు పట్టేవాళ్ళనీ పేరుపేరునా అడిగాడు. ఇలాంటిది ఎక్కడైనా చూశారా అని. ఆ బొమ్మలోని పిట్ట ఇప్పుడు ఐతన్న గుప్పిట్లో కొట్టుకుంటోంది.

కబురు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. లోకంలో పిట్టల గురించి పట్టించుకునే వాళ్ళందరికీ అది పండగలాంటి కబురు. 1900 తరవాత ఆ పిట్టను చూశామని నమ్మకంగా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అంతరించిందనే చాలామంది లెక్క తేల్చేశారు. 86 ఏళ్ళ తరవాత దొరికిన ఆ ఒక్క పిట్టా ఎక్కువ రోజులు బతకలేదు. పట్టుబడిన కొద్ది రోజులకే చనిపోయింది. దాని చర్మం బొంబాయిలో సొసైటీ భాండారానికి చేరింది. అలాంటివి ఇంకా ఉన్నాయని మాత్రం అప్పటికి తేలిపోయింది. భూషణ్ ఆ రాత్రుల్లోనే, ఆ కంపల్లోనే వెతుకుతూ మరికొన్నిటిని చూశాడు.

ఈ కథ నాకు పట్టుబడింది కెన్యాలో.

నేను ఆ దేశం వెళ్ళింది పిట్టల ఫొటోల కోసం. హైదరాబాదు నుంచి ఆఫ్రికా వెళ్ళే చాలామందికి ప్రయాణం నారాయణగూడలోనే మొదలవుతుంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, మనందరి నోట ఐపీఎం. అక్కడ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, పాస్‌పోర్టుతో పాటు దాచుకునే పసుపు కార్డు తీసుకోవాలి. టీకా పడిన పది రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు. 2016 నుంచి ఒక్క టీకా జీవితాంతం సరిపోతోంది. టీకా అయ్యాక కాసేపు కూర్చోమన్నప్పుడు పక్క కుర్చీలో ఒక పెద్దాయన నా భుజానున్న సంచీ చూసి పలకరించారు.

"సింహాల కోసమా బాబూ?"

"పిట్టల కోసమండీ."

"పిట్టల కోసం అంత దూరమా! మా చిక్కడపల్లిలో లేవూ?"

ఉన్నాయని చెప్పాను. ఇందిరా పార్కుకు పొద్దున్నే వెళితే వడ్రంగి పిట్టా, బంగారు పిచుకా, చలికాలమైతే వలస పిట్టలూ కనిపిస్తాయని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ ప్రశ్న వెనక్కి తీసుకోలేదు. అది నాతోపాటే విమానం ఎక్కింది.

మసాయి మారాలో పిట్టల ఫొటోలు తీయడం మన దగ్గర తీయడంలా ఉండదు. ఇక్కడ మనం పొద వెనక నక్కి, ఊపిరి బిగబట్టి, తీరా కెమెరా ఎత్తేసరికి పిట్ట లేచిపోతుంది. అక్కడ జీపే మనకు చాటు. తరాల తరబడి జీపుల్ని చూస్తూ పెరిగిన పిట్టలు వాటిని గడ్డి మేసే మరో జంతువుగా లెక్కేసుకున్నట్టుంటాయి. డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. కిటికీ అంచు మీద గింజల సంచీ పరిచి లెన్సు దాని మీద ఆనిస్తే చెయ్యి వణకదు. పైకప్పు తెరిచి నిలబడి తీస్తే పిట్ట వీపు వస్తుంది, కిటికీలోంచి తీస్తే కన్ను వస్తుంది. పిట్ట ఫొటోకు కన్నే ప్రాణం. ఆ కంట్లో చిన్న వెలుగు చుక్క లేకపోతే ఎంత మంచి రెక్కయినా జీవం లేనట్టే ఉంటుంది.

తుమ్మ కొమ్మ చివర లైలాక్ రోలర్ కూర్చుని ఉంటుంది. ఊదారంగు రొమ్ము, నీలి రెక్కలు. మన పాలపిట్టకు అది చెల్లెలి వరస. దసరా నాడు పాలపిట్ట కనబడితే చేతులెత్తి మొక్కేవాళ్ళం మనం, అక్కడ దాన్ని చూస్తే చెయ్యి కెమెరా మీదకు పోయే ముందు మనసు ఒక్కసారి అటే పోతుంది. గడ్డిలో కోరి బస్టర్డ్ నడుస్తూ కనిపించినప్పుడు మాత్రం బాధే కలిగింది. దాని చుట్టం మన బట్టమేక పిట్ట. కర్నూలు వైపు రోళ్ళపాడులో ఒకప్పుడు గుంపుగా తిరిగేది. అక్కడ కోరి బస్టర్డ్ జీపు పక్క నుంచి తాపీగా వెళ్ళిపోతోంది. రోళ్ళపాడులో ఇప్పుడు బట్టమేకను చూశామని చెప్పేవాళ్ళే కరువయ్యారు.

మారా నుంచి ఉత్తరంగా, రిఫ్ట్ లోయలో బరింగో సరస్సు. సింహాలు ఉండవు కాబట్టి మామూలు సఫారీ బృందాలు అటు పోవు. పిట్టల వాళ్ళు మాత్రం తప్పకుండా పోతారు. సరస్సు ఒడ్డున కాంపి యా సమాకి అనే పల్లె ఉంది. ఆ పల్లె కుర్రాళ్ళే అక్కడ గైడ్లు. ఏ గుడ్లగూబ ఏ చెట్టు మీద పగలు కునుకు తీస్తుందో, నిన్న ఎక్కడుంది, ఇవాళ ఎక్కడికి మారిందో వాళ్ళు పొద్దున్నే తిరిగి చూసుకుని వచ్చి చెబుతారు. మాతో వచ్చిన కుర్రాడి దగ్గర కెమెరా లేదు, బైనాక్యులర్స్ పాతవి. నల్లరాళ్ళు, తుమ్మలు, ముళ్ళు. అచ్చం మన రాయలసీమ నేల. నడుస్తూ నడుస్తూ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

నాకేమీ కనబడలేదు. రాయి, ఎండుటాకు, పొద నీడ, మళ్ళీ రాయి. అతను గడ్డంతో చూపించాడు. రాయి అనుకున్నది కన్ను మూసి తెరిచింది.

మూడు పట్టీల కోర్సర్. రాత్రంతా తిరిగి పగలు పొద నీడన కదలకుండా నిలబడే పిట్ట. రొమ్ము మీద గీతలు, పెద్ద కళ్ళు, నేల రంగులో కలిసిపోయే వీపు. మోకాళ్ళ మీద కూర్చుని కొన్ని ఫొటోలు తీశాను. ఇంకాస్త ముందుకు జరగబోతే ఆ కుర్రాడు భుజం పట్టి ఆపాడు.

"వద్దు సార్. ఇంకొక్క అడుగు వేస్తే లేస్తుంది. ఈ ఎండలో లేస్తే దానికి మళ్ళీ నీడ వెతుక్కోవడం కష్టం."

వెనక్కి వచ్చేశాం. దారిలో అడిగాడు.

"మీ దేశంలో ఇలాంటివి ఉన్నాయా?"

"ఒకటుంది. దీని చుట్టమే. రెండు పట్టీలు."

"ఫొటో చూపించండి."

"నేను తీయలేదు. తీసినవాళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే."

అతను నమ్మనట్టు చూశాడు. అక్కడ మొదలుపెట్టి ఈ కథ వెంట పడ్డాను.

కలివికోడికి దగ్గరి బంధువులంతా ఆఫ్రికాలోనే ఉన్నారు. ఆ ప్రజాతిలో ఆసియాకు చెందింది ఇదొక్కటే. అందులోనూ ప్రపంచం మొత్తం మీద దీని ఉనికి మన తెలుగు నేలకూ దాని అంచులకూ మాత్రమే పరిమితం. ఇంగ్లీషులో దీన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర కూర్చుని జంతువుల, పిట్టల సంగతులూ, వాటి తెలుగు పేర్లూ నేర్చుకున్నాడు. నెల్లూరు, కడపల లోపలి కొండల్లో దొరికిన ఈ పిట్టకు 1848లో కలకత్తా నుంచి ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తరవాత బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ దగ్గర చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. అక్కడితో ఆగిపోయింది.

వెతకలేదని కాదు. 1929లో మొదలైన వెర్నే సర్వే తూర్పు కనుమల్ని జల్లెడ పట్టింది. 1931, 32ల్లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు. ఇది ఎవరికీ చిక్కలేదు. పగలు తుపాకీతో, దుర్భిణీతో తిరిగే మనుషులకు రాత్రి పిట్ట ఎలా దొరుకుతుంది? అది రాత్రిదని గట్టిగా తేలింది ఐతన్న టార్చి వెలుగులోనే. జెర్డన్‌కు యానాదులు, భూషణ్‌కు ఐతన్న, నాకు బరింగో కుర్రాడు. తుపాకీ అయినా కెమెరా అయినా పుస్తకమయినా ఆ మనుషుల వెనకే ఆ పొదల్లోకి వెళ్ళింది. పిట్టకు జెర్డన్ పేరుంది. 1988లో తపాలా శాఖ పిట్ట బొమ్మతో బిళ్ళ వేసింది. నెల్లూరు యానాదుల్లో ఒక్కరి పేరూ మనదాకా రాలేదు. ఐతన్న పేరు వచ్చింది, అందుకు భరత్ భూషణ్‌కు దణ్ణం పెట్టాలి.

ఇక ఫొటో సంగతి. అది నాలాంటి ఫొటోగ్రాఫర్లు తల వంచుకుని వినాల్సిన భాగం.

రాత్రిపూట తిరిగేది, మనిషి అలికిడికి పొదల్లోకి జారిపోయేది, ఎన్ని ఉన్నాయో తెలియనిది. టార్చి పట్టుకుని వెంటపడితే లెక్క తేలదు, పైగా పిట్ట బెదిరిపోతుంది. 2000 ప్రాంతంలో పి. జెగనాథన్ అనే పరిశోధకుడు లంకమలలో పని మొదలుపెట్టాడు. బొంబాయి సొసైటీ తరపున, బ్రిటన్ పక్షిశాస్త్రవేత్తల సహకారంతో. ఆయన పిట్టను వెతకడం మానేసి దాని అడుగుల్ని వెతికాడు. పొదల మధ్య ఖాళీల్లో సన్నటి మట్టిని పట్టీలుగా పరిచి సమంగా దువ్వి పెడతారు. రాత్రి ఏ జీవి దాని మీదుగా నడిచినా తెల్లవారేసరికి అచ్చు పడి ఉంటుంది. కుందేలు, నక్క, కౌజు, పశువు, పాము, అన్నీ ఆ మట్టి మీద సంతకం పెట్టి పోతాయి. కోర్సర్‌కు వెనక వేలు ఉండదు. ముందుకు మూడు వేళ్ళే. కానీ వెనక వేలు లేని పిట్టలు ఇంకా ఉన్నాయి, తీతువుల్లో ఒక రకానికీ లేదు. మరి ఈ మూడు వేళ్ళు ఎవరివి?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే కెమెరా పెట్టారు. మట్టి పట్టీ పక్కన, మనిషి లేకుండా. ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే క్లిక్కుమనే కెమెరా. పరిశోధకుడు సాయంత్రం అమర్చి వెళ్ళిపోతాడు. ఫిల్ము కడిగించేదాకా ఏం పడిందో తెలియదు. మేక పడొచ్చు, గాలికి ఊగిన కొమ్మ పడొచ్చు. కడిగిన వాటిలో ఒకదాంట్లో రెండు పట్టీల రొమ్ము, తెల్ల కనుబొమ్మ, ఎత్తి పెట్టిన కాలు. కింద మట్టిలో మూడు వేళ్ళ అచ్చు. అడుగు దానిదేనని రుజువైంది. ఈ పద్ధతి మీద వాళ్ళు రాసిన పరిశోధన పత్రం 2002లో 'ఆరిక్స్' పత్రికలో వచ్చింది. ఫొటో అందం కోసం తీసింది కాదు. వెలుగు గట్టిగా, ఫ్లాష్ నీడ మొరటుగా ఉంటాయి ఇలాంటి ఫొటోలు. మారాలో నేను తీసిన రోలర్ల పక్కన పెడితే చూడ్డానికి ఏమీ ఆనదు. నా మట్టుకు నాకు మన దేశంలో పిట్టల ఫొటోల్లో అంత విలువైనవి చాలా తక్కువ. ఆ పిట్ట ఆ రాత్రి తన దారిన తాను నడుస్తూనే ఉంది, ఎవరూ దాన్ని ఆపలేదు.

ఆ అడుగుల వెంటే మిగతాది తెలిసింది. రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్నచోట ఇది ఉండే అవకాశం ఎక్కువ. అంటే కంప మరీ కమ్ముకుపోయినా ఉండదు, మొత్తం నరికేసినా ఉండదు. మితంగా పశువులు మేసి, మితంగా కట్టె కొట్టుకునే నేల దానికి కావాలి. రెట్టలు చూస్తే చెదలూ చీమలూ దాని మేత. దాని పిలుపును కూడా జెగనాథన్ వాళ్ళే తొలిసారి రికార్డు చేశారు. రెండు అక్షరాల కూత, క్షణానికొకటి చొప్పున కొన్నిసార్లు వరసగా. పొద్దు కుంకిన 45, 50 నిమిషాలకు మొదలై కొద్ది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా సాగి ఆగిపోతుంది.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఈ పిట్ట ఒక బిట్టు. కలివికోడి ఏ అభయారణ్యంలో ఉంది? శ్రీలంకమల్లేశ్వర. విస్తీర్ణం? 464 చదరపు కిలోమీటర్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద కూర్చుని గ్రూప్స్‌కు చదివే పిల్లల్లో ఎవర్ని కదిపినా టక్కున చెబుతారు. ఒక సాయంత్రం అక్కడ టీ తాగుతూ నా ఫోనులో బరింగో పిట్టను చూపిస్తే, కడప నుంచి వచ్చిన ఒక అబ్బాయి చాలాసేపు చూశాడు.

"మాది బద్వేలు పక్కన సార్. ఈ బిట్టు నాకు నోటికొచ్చు. ఇంత ముద్దుగా ఉంటుందని తెలీదు."

"ఇది దాని చుట్టం బాబూ. మీది ఇంకా బాగుంటుంది."

"మా తాత గొర్రెలు కాసేవాడు సార్, లంకమల కిందే. ఆయన్నెప్పుడూ అడగలేదు."

ఆ అబ్బాయి మాట నన్ను వదల్లేదు. వందలమంది కంఠస్థం చేస్తున్న ఆ అభయారణ్యం ఊరికే రాలేదు. ఐతన్నకు పిట్ట దొరికింది కాబట్టి ఆ కంపకు విలువ వచ్చింది, అభయారణ్యం వచ్చింది, తెలుగు గంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. 2005లో పిట్ట తిరిగే నేలలోనే కాలువ కోసం యంత్రాలు తవ్వుతుంటే పరిశోధకులే చూసి గోల పెట్టారు. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. పని ఆగింది, కాలువను తప్పించారు, పిట్టకు పనికొచ్చే నేలను కొంత కొత్తగా సేకరించారు. కాలువ నీళ్ళు అక్కడి రైతుకు ప్రాణం, అందులో రెండో మాట లేదు. నీళ్ళూ వచ్చి పిట్టా ఉండే దారి ఉందని తేలింది కూడా అక్కడే.

అంత పోరాడినా ఆ తరవాత పిట్ట కనబడటం తగ్గిపోయింది. 2000ల చివరికి వచ్చేసరికి రూఢిగా చూసినవాళ్ళు లేకుండా పోయారు. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడు మీటన్ సేకరించినది. డీఎన్ఏ పరీక్షలో అది కలివికోడిదేనని రుజువైంది. ఆ పిట్ట గుడ్డు లోకానికి తెలిసింది ఆ ఒక్కటే. మరో పుష్కరం దాటాక, 2025 ఆగస్టులో, పిట్టల్ని వెతికే ఒక బృందం రాయలసీమ కంపలో చీకట్లో నిలబడి ఆ రెండక్షరాల కూతను మళ్ళీ విన్నది, రికార్డు చేసింది. అది ఉంది!

ఆ వార్త వచ్చిన రోజు ఫోన్లు మోగాయి. నాతో మారా వచ్చిన మిత్రుడు లెన్సు సర్దుకుంటున్నాడు.

"పోదాం రా. మొదటి మంచి ఫొటో మనదే కావాలి."

"వద్దురా. వంద మంది అదే అనుకుని టార్చిలు పట్టుకుని దిగితే ఏమవుతుందో తెలుసుగా. కూత రికార్డు స్పీకర్లో వేసి పిలిస్తే అది తన చోటులోకి ఇంకెవడో వచ్చాడనుకుని మేత మానేసి కొట్లాటకు వస్తుంది. ఉన్నవే కొన్ని."

కాసేపు అలిగి, తరవాత ఒప్పుకున్నాడు. వెళ్ళాల్సిన పని మాత్రం ఉంది, అది వేరే చోట్లకి. పాత రికార్డులు లంకమలవి మాత్రమే కావు. నెల్లూరు లోపలి కొండలు, అనంతపురం, కోలార్ అంచు, గోదావరి ఒడ్డున భద్రాచలం, సిరొంచ. ఆ చోట్లలో రాత్రిపూట ఓపిగ్గా చెవి పెట్టినవాళ్ళు బహు తక్కువ. మీ ఊరి పక్క అలాంటి పలచటి కంప ఉంటే, అటవీ శాఖ నేలయితే అనుమతి తీసుకుని, పొద్దు కుంకే వేళకు ఒక అంచున నిలబడండి. టార్చి వద్దు, స్పీకరు వద్దు. ఫోనులో రికార్డరు నొక్కి గంటన్నర మాట్లాడకుండా ఉండండి. అనుమానంగా ఏదైనా వినబడితే ఆ రికార్డు పక్షిశాస్త్రజ్ఞులకు పంపండి, చోటు మాత్రం ఊరంతా చాటకండి. అంతకంటే ముందు చేయాల్సిందొకటి ఉంది. ఆ పొదల్లో గొర్రెలు కాసే ముసలాయన ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని, రెండు పట్టీల పిట్ట బొమ్మ చూపించి అడగండి.